హాఫ్-లైఫ్: కథ చెప్పిన తుపాకీ ఆట
1998 నవంబరులో వెలువడిన హాఫ్-లైఫ్ అమెరికాలోని వాల్వ్ సంస్థ తొలి ఆట. మైక్రోసాఫ్ట్ వదిలి వచ్చిన గేబ్ న్యూవెల్, మైక్ హారింగ్టన్ 1996లో ఆ సంస్థను పెట్టారు. అంతవరకూ ఈ తరహా తుపాకీ ఆటల్లో కథంటే చాలావరకు అట్టపెట్టె మీది నాలుగు వాక్యాలే. నవలా రచయిత మార్క్ లెయిడ్‌లా చేయి పడిన ఈ ఆట ఆరంభంలో మాత్రం శాస్త్రవేత్త గోర్డన్ ఫ్రీమన్ ట్రామ్‌లో బ్లాక్ మెసా పరిశోధనశాలకు వెళ్తుంటాడు. ఆటగాడు అతని కళ్లతో చుట్టూ చూడడమే తప్ప కాల్పులేమీ ఉండవు. ప్రయోగం వికటించి మరో లోకపు జీవులు చొరబడ్డాక కూడా దృష్టికోణం మారదు, ఫ్రీమన్ నోరు విప్పడు, నడుమ సినిమా దృశ్యాలు అడ్డురావు. అసలు కొత్తదనం అదే. అయితే చివర వచ్చే జెన్ అనే ఆ మరో లోకపు భాగానికి మిగతా ఆటలోని బిగువు లేదు. 2004 నాటి హాఫ్-లైఫ్ 2 కూడా దృష్టికోణం మారకుండా కథ చెప్పే ఈ పద్ధతినే పాటించింది.