కుళాయి మీద రాయి

బొర్రా గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడల్ని, కింద వెలసిన శివలింగాన్ని చూసి దణ్ణం పెట్టుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. అదే రాయి మన స్నానాలగదిలో కుళాయి మూతి చుట్టూ తెల్లగా, గరుగ్గా పేరుకుంటే మాత్రం "ఛీ, గార!" అని మొహం చిట్లిస్తాం. రెండూ ఒకటే పదార్థం, కాల్షియం కార్బొనేట్. అక్కడ వేల ఏళ్ళు పట్టింది, ఇక్కడ ఆర్నెల్లు చాలు.

వాన నీరు గాలిలోంచి, నేలలోంచి కాస్త బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని పుల్లబడుతుంది. ఆ పులుపుతో సున్నపురాయిని కరిగించి వెంట తెచ్చుకుంటుంది. నీళ్ళు కాగినా, ఆరిపోయినా వాయువు ఎగిరిపోయి రాయి మిగులుతుంది. హైస్కూల్లో "నీటి తాత్కాలిక కాఠిన్యం" అని మనం బట్టీపట్టింది దీన్నే. ఊళ్ళో వీటిని "ఉప్పునీళ్ళు" అంటాం గానీ, గార విషయంలో ఉప్పు కన్నా సున్నానిదే పెద్ద పాత్ర.

సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుగా ఏ పాత సిస్టమ్ ముందు కూర్చున్నా నేను అడిగే ప్రశ్నలు రెండు. ఈ సమస్య ఎప్పటినుంచి ఉంది? ఇన్నాళ్ళూ దీన్ని ఎవరు చూసుకుంటున్నారు? గారని కూడా అవే అడిగితే మొదటిదానికి జవాబు రెండువేల ఏళ్ళ వెనక, రోమన్ల దగ్గర దొరుకుతుంది. రెండోది అంత సుఖంగా ఉండదు.

ఫ్రాన్స్‌లోని నీమ్ నగరానికి రోమన్లు సుమారు 50 కిలోమీటర్ల కాలువ కట్టి నీళ్ళు తెచ్చారు. ఆ కాలువ గోడల మీద కొన్నిచోట్ల జానెడుకి మించిన మందాన గార పట్టి, నీటి దారి ఇరుకైపోయింది. రోము నగరపు నీటి వ్యవహారాలకి క్రీ.శ. 97లో అధికారిగా వచ్చిన ఫ్రాంటైనస్ రాసిన పుస్తకంలో ఈ బాధ ప్రస్తావన ఉంది. కాలువలో చేరిన మడ్డి ఒక్కోసారి పెంకులా గట్టిపడి నీటి దారిని మూసేస్తోందంటాడాయన. ఆ కాలువల్ని కనిపెట్టుకుని ఉండే బానిసల లెక్క కూడా ఇచ్చాడు. ప్రభుత్వానివి 240 మంది, చక్రవర్తివి 460 మంది. ఫ్రాన్స్‌లోనే దివోనా అనే మరో రోమన్ పట్టణం, అంటే నేటి కాయోర్, కాలువ గార పొరల్లో పనిముట్ల గాట్లు ఉన్నాయని శాస్త్రజ్ఞులు ఈమధ్య గుర్తించారు. గోకిన మనిషి పేరు ఏ రాతలోనూ లేదు. గోకిన గుర్తు మాత్రం రాయిలో ఉండిపోయింది.

నేనుండే రెడింగ్ ఇంగ్లండులో థేమ్స్ ఒడ్డున, సుద్దరాతి నేలల మీద ఉంది. ఇక్కడ కెటిల్ అడుగున నెల తిరక్కుండా తెల్ల పెచ్చులు లేస్తాయి. ప్రాజెక్టు పనిమీద గ్లాస్గోలో నాలుగు నెలలు అద్దె ఇంట్లో ఉన్నాను. అక్కడి కెటిల్ మొదటిరోజు ఎలా ఉందో, ఖాళీ చేసిన రోజూ అలాగే ఉంది. కారణం 1859లో ఉంది. ఆ ఏడాది గ్లాస్గో నగరం లోక్ కేట్రిన్ అనే కొండ సరస్సు నీళ్ళని తెచ్చుకుంది. వాళ్ళు కోరింది శుభ్రమైన నీళ్ళే. ఆ కొండల రాళ్ళు సులువుగా కరిగేవి కావు కనక మెత్తని నీళ్ళు దక్కాయి, లక్షల ఇళ్ళలో గార గోకే పని తప్పింది.

అంతకు ముందే, 1841లో, ఆబర్డీన్‌లో రసాయనశాస్త్రం చెప్పే థామస్ క్లార్క్ ఒక ఉపాయానికి పేటెంటు తీసుకున్నాడు. నీళ్ళలో సున్నం పోతే సున్నపురాయిని కరిగించి ఉంచిన వాయువుని అది లాగేసుకుంటుంది. దాంతో కొత్త సున్నమూ, పాత సున్నమూ కలిసి అడుక్కి దిగిపోతాయి. ముల్లుని ముల్లుతోనే తీయడమన్నమాట. అయినా ఈ నీళ్ళు తాగితే ముప్పేమీ లేదు కాబట్టి మా వైపు నేటికీ గట్టి నీళ్ళే వస్తాయి. గార మాత్రం ఎవరింట్లోది వాళ్ళే గోక్కోవాలి.

ఇక మన బాత్‌రూముల్లో కనిపించే "యాసిడ్" సంగతి. దాని కథ సబ్బు దగ్గర మొదలవుతుంది. సబ్బుకీ గాజుకీ కావలసిన సోడాని ఉప్పు నుంచి తయారుచేసే పద్ధతికి ఫ్రాన్స్‌లో నికొలాస్ లెబ్లాంక్ 1791లో పేటెంటు పొందాడు. తర్వాత ఇంగ్లండులో లివర్‌పూల్ చుట్టుపక్కల ఆ ఫ్యాక్టరీలు వెలిశాయి. వాటి పొగగొట్టాల్లోంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వెలువడి చుట్టూ చెట్లు మాడిపోయేవి. జనం గోల పెట్టగా, ఆ ఆవిరిలో నూటికి 95 వంతులు బయటికి పోకుండా పట్టాలని 1863లో పార్లమెంటు చట్టం చేసింది. అలా పట్టిన ఆమ్లం చవకైన సరుకైంది. చాలాభాగం బ్లీచింగ్ పౌడర్ తయారీకి పోయింది. సబ్బు కోసం సోడా చేయబోతే, సబ్బు మడ్డినీ గారనీ వదిలించే ఆమ్లం చేతికొచ్చిందన్నమాట!

ఆ ఆమ్లమూ బ్లీచింగూ ఒకే ఫ్యాక్టరీలో పుట్టిన అన్నదమ్ములే అయినా, బాత్‌రూములో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్‌లో ఈప్ర్ దగ్గర జర్మన్లు సైనికుల మీదికి వదిలిన వాయువు అదే. స్వీడన్‌లో మందుల దుకాణం నడుపుకున్న షీలే 1774లో దాన్ని మొదటిసారి తయారుచేశాడు. విచిత్రమేమిటంటే, 1784లో నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లాన్ని పలుకులుగా తీసింది కూడా ఆయనే. రెండేళ్ళకి, 43 ఏళ్ళ వయసులో పోయాడు. మన అమ్మమ్మలు షీలే పేరు వినకుండానే ఇత్తడి బిందెల్ని చింతపండుతో, నిమ్మచెక్కతో మెరిపించారు. కిళ్ళు వదిలించినా, గార వదిలించినా కావలసింది పులుపే. ఎంత పులుపు అన్నదే తేడా.

ఆ తేడా హైదరాబాదులో ఎదురైంది. 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తిచేసి నగరానికి చెరువు నీళ్ళిచ్చింది. నగరం ఆ చెరువుల్ని దాటి పెరిగాక, మంజీర, కృష్ణ నీళ్ళు వచ్చినా చాలక అపార్టుమెంట్లు బోర్ల మీద పడ్డాయి. బోరు ఎంత లోతుకి వెళ్తే నీళ్ళు రాళ్ళతో అంత ఎక్కువ కాలం కాపురం చేసినట్టే. గీజర్ కాయిల్, షవర్ చిల్లులు, బకెట్ అంచు, అన్నిటికీ గార!

మా అమ్మా నాన్నా ఉండే ఫ్లాటులో బాత్‌రూములు కడగడానికి వచ్చే ఆవిడ చేతిలో లేబులు లేని యాసిడ్ సీసా చూశాను. ఆడపిల్లల మీద దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013లో యాసిడ్ చిల్లర అమ్మకాలకి షరతులు పెట్టింది. ఆ సీసాకి ఆ తీర్పు తెలిసినట్టు లేదు. చేతికి గ్లవుజుల్లేవు, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. కిరాణాకొట్లో దొరికే నిమ్మ ఉప్పు తెచ్చి చూపించాను. "ఇది వాడమ్మా, అరగంట నానితే అదే వదుల్తుంది" అన్నాను.

ఆవిడ నవ్వింది. "మంచిగనే ఉంది గానీ సార్, అరగంట నాననియ్యాలంటే నాకు యాడ కుదుర్తది? ఇంక నాలుగిండ్లు జూస్కోవాలె. యాసిడైతే పోసుడే, కడుగుడే."

లెక్క తేలిపోయింది. మెత్తని ఆమ్లానికి కావలసింది టైము, ఘాటు ఆమ్లం ఆ టైముని మిగులుస్తుంది. మిగిలిన అరగంట ఖరీదు ఆవిడ ఊపిరితిత్తులు కడుతున్నాయి. రోము బానిసల్ని పెట్టింది, గ్లాస్గో సరస్సుని తెచ్చుకుంది, మనం ఈమెని పిలుచుకున్నాం.

ఆ అరగంట మనింట్లో ఊరికే పడి ఉంటుంది కదా! అందుకని అమ్మకి ఒక పని అప్పజెప్పాను. ఆవిడ వచ్చే ముందు అర లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, పాతగుడ్డ తడిపి కుళాయికి చుట్టాలి. షవర్ తలని అవే నీళ్ళు పోసిన ప్లాస్టిక్ సంచిలో ముంచి రబ్బరు బ్యాండు వెయ్యాలి. అరగంటయ్యాక పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగితే చాలు. మొండి గారకి ఇంకోసారి చుట్టాలి. క్రోమియం పూత పాడవుతుంది కనక గంటల తరబడి వదలకూడదు. పాలరాతి మీద అసలు పొయ్యకూడదు, అదీ కాల్షియం కార్బొనేటే కాబట్టి గారతోపాటే కరుగుతుంది. బ్లీచింగ్ దగ్గరకి రానివ్వకూడదు. స్నానమయ్యాక కుళాయిని పొడిగుడ్డతో తుడిస్తే అసలు గార పట్టడమే తగ్గుతుంది.

గ్లవుజులు రెండు జతలు కొనిపెట్టాం. యాసిడ్ సీసా మా ఇంటి మట్టుకు ఆగింది. మిగతా నాలుగిళ్ళలో ఆగలేదు. ఆ ఇళ్ళవాళ్ళలో కొందరి పిల్లలు కూడా నాలాగే ఇంగ్లండులోనో, అమెరికాలోనో వారానికోసారి తమ కుళాయిలు తామే రుద్దుకుంటున్నవాళ్ళే. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు వాళ్ళు ఒక్కమాట అడిగితే బాగుంటుంది: "అమ్మా, మన బాత్‌రూములో ఏ సీసా వాడుతున్నారు?"