మధ్య పొర (చలికాలపు వేట దుస్తులు)

రాకీ పర్వతాల్లో ఎల్క్ వేటకు వెళ్లేవారు లోచొక్కాకూ, గాలిని ఆపే పైకోటుకూ నడుమ తొడిగే వెచ్చని దుస్తు. ఒంటి వేడిని పట్టి ఉంచడమే దీని పని. పొంచి కూర్చునేవారికి దళసరిది కావాలి, కొండలెక్కేవారికి పలుచనిది చాలు. ఎక్కుతున్నప్పుడు పట్టిన చెమటే ఆగి కూర్చోగానే వణికిస్తుంది. అందుకే మెడ దగ్గర జిప్పున్నది మేలు.

బాతు ఈకల నూగు తేలిక, మహా వెచ్చన. తడిస్తే ముద్దయి అణగిపోతుంది. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చుకున్నా వెచ్చదనం పోదు, కానీ ఆరడం ఆలస్యం. పాలియెస్టర్ ఫ్లీస్ త్వరగా ఆరుతుంది, గాలిని మాత్రం ఆపలేదు. నైలాన్ పైగుడ్డ కొమ్మకు రాసుకుంటే సరసరలాడుతుంది. ఎల్క్ చెవికి అది చాలు! నూలు స్వెటర్ అసలే వద్దు.

కొలరాడోలో రైఫిల్‌తో ఎల్క్ వేటాడేవారు ఏది తొడిగినా, నడుముకు పైన కనీసం 500 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజ లేదా గులాబీ రంగు బయటికి కనిపించాలి.