‘ఎడారి’ అన్న మాట వెనుక

అర్జెంటీనా పంపా మైదానాన్ని పందొమ్మిదో శతాబ్దపు పాలకులూ, రచయితలూ ‘ఎడారి’ అని పిలిచారు. కెచువా భాషలో పంపా అంటే చదునైన నేల. చెట్లు తక్కువేగాని, కనుచూపు మేరా గడ్డి. గడ్డి కింద సారవంతమైన మట్టి. మనుషులూ లేకపోలేదు. రాంకెల్, మపూచె, తెవెల్చె ప్రజలు అక్కడ బతుకుతున్నారు. సరిహద్దుకు ఇవతల గౌచోలు - భూమి లేని, గుర్రమే ఆస్తి అయిన పశులకాపరులు - ఉన్నారు. మరి అది ఎవరికి ఎడారి?

1845లో సార్మియెంతో ‘ఫకుందో’ రాశాడు. నగరం నాగరికత, మైదానం అనాగరికత అన్నది దాని సారం. రోసాస్ నియంతృత్వాన్ని ప్రవాసం నుంచి ఎదిరించిన గ్రంథమది. ఆ విలువను కాదనలేం. కాని రోసాస్ స్వయంగా పెద్ద భూస్వామి. నియంతృత్వపు మూలాన్ని భూస్వామ్యంలో వెతకవలసిన రచయిత, గడ్డినేలలోనూ దానిమీద బతికే మనిషిలోనూ వెతికాడు. 1868లో ఆయన దేశాధ్యక్షుడయ్యాడు.

1878లో ఒక చట్టం వచ్చింది. ఇంకా ఆక్రమించని భూమిని ముందుగానే అమ్మి దండయాత్ర ఖర్చు రాబట్టాలన్నది దాని ఏర్పాటు. 1879లో జనరల్ రోకా సేనలు కదిలాయి. దీనికి పెట్టిన పేరే ‘ఎడారి విజయం’. పట్టుబడిన స్త్రీలనూ పిల్లలనూ బ్యూనస్ ఎయిర్స్ సంపన్నుల ఇళ్లకు పనివాళ్లుగా పంచిపెట్టారు. ఎడారిలో ఇంతమంది ఖైదీలు ఎలా దొరికారు? భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడింది. తీగ కంచెలూ, బ్రిటిష్ పెట్టుబడితో రైళ్లూ, ఇంగ్లండుకు మాంసం మోసే శీతల ఓడలూ విస్తరించాయి.

ఎర్నాందెస్ 1872లో గౌచోల మాటలో, గౌచోల పాటగా ‘మార్తిన్ ఫియెర్రో’ రాశాడు. కొలువు కాగితం లేని పేదవాణ్ణి దేశదిమ్మరి అని సరిహద్దు సైన్యంలోకి తోలే చట్టాలున్న కాలమది. ఇల్లూ సంసారమూ కోల్పోయిన ఫియెర్రో సైన్యంనుంచి పారిపోయి, చివరకు ఆదివాసుల దగ్గరికే వెళ్తాడు. కాని దండయాత్ర జరిగిన 1879లోనే వచ్చిన రెండవ భాగంలో ఆదివాసి క్రూరుడు. తిరిగివచ్చిన ఫియెర్రో కొడుకులకు పనీ, అణకువా బోధిస్తాడు. గౌచో గొంతు విన్న కవికి కూడా ఆదివాసి గొంతు వినపడలేదు.

1913లో లుగోనెస్ తన ఉపన్యాసాల్లో ఈ కావ్యాన్ని జాతీయ ఇతిహాసంగా కీర్తించాడు. అప్పటికి స్వేచ్ఛగా తిరిగిన గౌచో కంచెల మధ్య కూలివాడయ్యాడు. బతికున్నప్పుడు దిమ్మరి, అణగిపోయాక జాతి వీరుడు.

జనం మసలే నేలను శూన్యమనే మాట ఏ రచనలో కనిపించినా, విమర్శకుడు వర్ణన అందం దగ్గరే ఆగిపోకూడదు. ఆ తర్వాత ఆ నేల ఎవరి పట్టాలోకి వెళ్లిందో కూడా చూడాలి.