‘పాసింగ్’: వెళ్ళడానికే ఉన్న మాట

అమెరికా నల్లజాతి కథల్లో ‘పాసింగ్’ అంటే పరీక్ష గట్టెక్కడం కాదు. నల్లజాతి ఇంట పుట్టి, ఒంటి తెలుపు వల్ల తెల్లవారిగా చలామణి అవుతూ బతకడం. నెల్లా లార్సెన్ 1929 నాటి తన నవలకు ఆ మాటనే పేరుగా పెట్టింది.

మూలం లాటిన్ ‘పాసుస్’, అంటే అడుగు. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు చేరి, నడవడం, దాటడం మొదలుకొని కన్నుమూయడం దాకా అర్థాలు సంతరించుకుంది. బానిసత్వపు రోజుల్లో బానిస తోట దాటాలంటే యజమాని రాసిచ్చే చీటీ కావలసి వచ్చేది. దాని పేరూ ‘పాస్’. పారిపోయినవారి కోసం వేసే పత్రికా ప్రకటనల్లో, ఇతను స్వతంత్రుడిగా ‘పాస్’ కావాలని చూస్తాడన్న హెచ్చరిక తరచూ ఉండేది. 1848లో ఎలెన్ క్రాఫ్ట్ అనే బానిస స్త్రీ తెల్లదొర వేషం వేసుకుని, భర్త విలియమ్‌ను తన బానిసగా చూపిస్తూ, జార్జియాలోని మేకన్ నుంచి ఫిలడెల్ఫియా చేరింది. ఆమెకు రాయడం రాదు. సంతకం అడిగితే బయటపడిపోతానని కుడిచేతికి ముందే కట్టు కట్టుకుంది.

తెలుగులో ‘చలామణి’ దీనికి దగ్గర. కానీ ఒకడు డాక్టరుగా చలామణి అవుతున్నాడంటే, వాడు డాక్టరు కాడనే మనకు వినిపిస్తుంది. ‘పాసింగ్’లోనూ ఆ నింద ఉంది. అసలు తెలుపు వేరే ఉందనీ, ఈ మనిషి దొంగ నాణెమనీ ఆ మాట ముందే తేల్చేస్తుంది. ఆ అసలును తేల్చింది కన్ను కాదు, చట్టం. ఎనిమిదో వంతు మాత్రమే ఆఫ్రికా రక్తమున్న హోమర్ ప్లెసీ తెల్లవారి రైలు పెట్టెలో కూర్చున్నందుకు అరెస్టయ్యాడు. జాతికో పెట్టె ఉండాలన్న లూసియానా చట్టం చెల్లుతుందని 1896లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నింద మోయవలసింది జాతుల మధ్య గీత గీసినవాళ్ళు.

లార్సెన్ ఆ గీతను ఒక టీ బల్ల దగ్గర చూపిస్తుంది. ఆమె నవలలో క్లేర్ తెల్లదానిగా చలామణి అవుతోంది. ఆమె భర్త బెల్యూ గదిలోకి వస్తూనే, నల్లవారిని తిట్టే మాటతో భార్యను ముద్దుగా పిలుస్తాడు. ఏడాదికేడాది నల్లబడుతోందని పరాచికమాడి, తన కుటుంబంలో నల్లవారికి చోటే లేదంటాడు. అక్కడ కూర్చున్న ముగ్గురు ఆడవాళ్ళూ నల్లజాతివారే. అతను ఒక్కరినీ గుర్తుపట్టలేదు.

అయినా క్లేర్ మనసు నల్లవారి పేట హార్లెమ్ మీదే. తనవాళ్ళ నవ్వుల కోసం, కబుర్ల కోసం, దొరికిపోతానని తెలిసీ వస్తూనే ఉంటుంది. జేమ్స్ వెల్డన్ జాన్సన్ 1912లో తన పేరు లేకుండా వెలువరించిన నవలలో కథకుడు, నల్లమనిషిని సజీవంగా తగలబెట్టడం కళ్ళారా చూసి గీత దాటుతాడు. డబ్బు గడిస్తాడు, వెనక్కి రాడు. జెస్సీ ఫాసెట్ ‘ప్లమ్ బన్’లో ఏంజెలా మాత్రం వస్తుంది. నల్లదన్న కారణంతో తోటి విద్యార్థినికి ఫ్రాన్స్ చదువు అవకాశం లాగేసుకున్నప్పుడు, తనూ ఆ జాతిదాన్నేనని విలేకరుల ముందు చెబుతుంది.

వెళ్ళడానికి ‘పాసింగ్’ ఉంది. తిరిగి రావడానికి అలా స్థిరపడిన మాట లేదు. ఆ లోటును పూడ్చడానికి ఫాసెట్‌కు ఒక నవల మొత్తం అవసరమైంది.