ఇసుకతొట్టిలో సిపాయిలు

మా ఇంట్లో చరిత్ర అని చెప్పుకోడానికి మిగిలింది ఒక్క ఫొటో. పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దది, ఒక మూల చెదలు తిన్నది. అందులో పదకొండుమంది సైనికులు. నిక్కర్లు, బూట్లు, పిక్కలకి పట్టీలు. ఎడమ నుంచి మూడోవాడు మా తాత. ఇంతవరకు వింతేం లేదు. వింతంతా వాళ్ల కాళ్ల ముందుంది. వెడల్పాటి చెక్కతొట్టిలో ఇసుక పోసి, దానిమీద వేలెడంత సిపాయి బొమ్మలు నిలబెట్టారు. మా తాత చేతిలో కర్ర, కర్ర కొస ఒక బొమ్మ మీద. ఒక్కడు కూడా కెమెరా వంక చూడ్డంలేదు. అందరి కళ్లూ ఆ బొమ్మల మీదే.

యుద్ధానికి పోయినోళ్లకి బొమ్మలాటేంటి?

ఈ ప్రశ్న నాకంటే ముందు ఒక ఆఫీసులో అడిగారు. తాత డిశ్చార్జి పుస్తకం 1977 ఉప్పెనలో ఇంటితోపాటు కొట్టుకుపోయింది. ఫొటో మా మేనత్త ఇంట్లో ఉండబట్టి మిగిలింది. తర్వాత మాజీ సైనికులకి బంజరు ఇస్తారంటే అర్జీ పెట్టుకున్నాడు. రుజువేదంటే ఈ ఫొటోనే చూపించాడు. బల్ల అవతలాయన అటూ ఇటూ తిప్పి, 'ఏరా, పటాలంలోకి బొమ్మలాడుకోడానికి పోయావా?' అన్నాడంట. ఆఫీసంతా నవ్వు. అరవై దగ్గరపడ్డ మనిషిని 'ఏరా' అనడం గురించి నేనేం రాయను, మా మాలపల్లెలో అది రాసుకునేంత వింత కాదు. తాత ఆ ఫొటోని పెట్టె అడుక్కి నెట్టేశాడు. ఇదంతా నాకు చెప్పింది మా నాయనమ్మ.

ఫొటో వెనక సిరాతో 'బెంగుళూరు, 1943' అని ఉంది. బెంగుళూరు మద్రాస్ సాపర్ల కేంద్రం. దారులు వెయ్యడం, వంతెనలు కట్టడం, మందుపాతరలు తియ్యడం వాళ్ల పని. ఆ యుద్ధంలో బర్మాలోనూ, ఆఫ్రికాలోనూ, ఇటలీలోనూ పనిచేశారు. తాత తనది 'వంతెనల పటాలం' అనేవాడంట.

ముడి విడింది నేను బీఈడీ చదివేటప్పుడు, బోధనోపకరణాల పాఠం దగ్గర. పుస్తకంలో ఇసుకతొట్టి బొమ్మ చూసి ఉలిక్కిపడ్డాను. సైన్యాలు ఎప్పటినుంచో ఇట్లాగే నేర్పుతున్నాయి. ఇసుకతో గుట్ట, ఏరు, దారి చేసి, ఎవడు ఎటునుంచి పోవాలో బొమ్మలతో చూపిస్తారు. ప్రష్యా దొరలు 1824 నాటికే పటాల మీద యుద్ధం ఆడించి తమ అధికారుల్ని తయారుచేశారు. లండన్‌లో బ్రిటన్స్ కంపెనీ 1893 నుంచి డొల్ల సీసం సిపాయిల్ని పోతపోసి అమ్మింది. వాటిలో తలపాగాల బెంగాల్ రౌతులు కూడా ఉన్నారు. హెచ్.జి. వెల్స్ 1913లో ఆ బొమ్మలతో ఎట్లా ఆడాలో ఏకంగా పుస్తకమే రాశాడు. దొరల పిల్లలకి ఆట, మా తాతకి పాఠం. పైగా కర్ర ఆయన చేతిలో ఉందంటే, పాఠం చెప్తున్నది ఆయనే! ఊరి బడిలో అరుగు ఎక్కనివ్వని మనిషి పదిమందికి పాఠం చెప్తున్నాడు. మా వంశంలో మొదటి టీచర్ని నేనే అనుకునేవాళ్లకి ఈ మాట చెప్పాలి.

మనవాళ్లు పటాలంలో కొత్తగా చేరిందేం లేదు. కంపెనీ మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు, ముస్లిములు, పరయలు అందరూ ఉన్నారు. 1818 జనవరి 1న కోరెగావ్‌లో మహర్లు పోరాడారు. అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. మరి తలుపులెందుకు మూసుకున్నాయి? 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర, ఆ తర్వాత భారత సైన్యానికే అధిపతై, యుద్ధానికి పనికొచ్చే జాతులు వేరే ఉన్నాయని తేల్చాడు. మద్రాసు పటాలాలు తరిగాయి, మహర్లకి భర్తీ ఆగింది. మనుషుల్ని ఇది గుర్రం పెట్టె, ఇది కాలిబంటు పెట్టె అని సర్దిపెట్టినట్టు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో మహర్ పటాలం పెట్టారు, యుద్ధం అయిపోగానే ఎత్తేశారు. మళ్లీ అవసరంపడి 1941లో మహర్ రెజిమెంట్. అంబేడ్కర్ దానికోసం గట్టిగా నిలబడ్డాడు. మా తాత భర్తీ కూడా ఆ యుద్ధం అవసరంలోదే. ఊళ్లో రాబర్ట్స్ పేరు ఎవరికీ తెలియదు గానీ, ఆ లెక్క మాత్రం అందరికీ వచ్చు.

అర్జీ తిరిగొచ్చింది. ఆ రెండెకరాల బంజరు ఎవరి పేరున ఎక్కిందో ఊరందరికీ తెలుసు. ఇప్పుడక్కడ రొయ్యల చెరువు. మా నాయిన పదేళ్లు ఆ గట్టుమీద రాత్రి కాపలా కాశాడు. నా బీఈడీ ఫీజు ఆ జీతంలోదే.