కువైట్ ఎడారిలో చుక్కల వేట

మా ఊరు రాజంపేట దగ్గర. ఎండాకాలం పోయాక మిద్దె మీద పడుకుంటే మా అవ్వ పిల్లలకోడిని చూపించి జాము చెప్పేది. కువైట్ లో పుట్టిన మా అబ్బాయికి మాత్రం పదేళ్ళు వచ్చేదాకా ఆ పిల్లలకోడిని చూపించలేకపోయాను. సాల్మియాలో మా బిల్డింగ్ మీద నుండి చూస్తే వీధి దీపాల వెలుతురే తప్ప చుక్కలు లేవు. ఆ లోటు తీర్చుకోవడానికి 6 అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోప్ కొన్నాను. మన వాళ్ళకు పనికొస్తుందని నాకు తెలిసింది రాస్తున్నాను.

ఎప్పుడు, ఎక్కడ?

నవంబరు నుండి మార్చి దాకా మంచి కాలం. వేసవిలో దుమ్ము ఎక్కువ. అమావాస్యకు దగ్గరి రాత్రులు ఎంచుకోండి. సాల్మీ రోడ్డున పడమటికి వెళితే నగరం వెలుతురు వెనకబడుతుంది. అందరూ గుడారాలు వేసే చోటే ఆగండి. 1990-91 యుద్ధం నాటి పేలని మందుగుండు ఎడారిలో ఇంకా బయటపడుతూ ఉంటుంది. ఇసుకలో కనిపించే ఇనుప వస్తువులను పిల్లలు ముట్టుకోకుండా చూడాలి.

ఏమి చూడాలి?

పిల్లలకోడి: మన కృత్తిక, అరబ్బుల సురయ్యా. సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్ర గుచ్ఛం. తోకచుక్కల వేటగాడు ఛార్లెస్ మెస్సియే పట్టికలో దీని సంఖ్య ఎం 45. తక్కువ పవర్ ఐపీసే వాడండి, ఎక్కువైతే గుచ్ఛం మొత్తం ఒకేసారి కనపడదు.

ఎం 42: ఓరియన్ నడుము మీది మూడు చుక్కలకు కిందుగా ఉన్న నెబ్యులా. దూరం దాదాపు 1,350 కాంతి సంవత్సరాలు. అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. ఫొటోల్లోని ఎరుపు కనపడలేదని నిరాశ పడకండి. మసక వెలుతురులో మన కంటికి రంగులు తెలియవు, బూడిద రంగు పొగలాగే ఉంటుంది. ఇరవై నిమిషాలు చీకటికి అలవాటు పడి, కాస్త పక్కకు చూస్తే వివరాలు తెలుస్తాయి.

ఎం 44: పుష్యమి దగ్గరి గుచ్ఛం. ఫిబ్రవరి, మార్చిలో బైనాక్యులర్స్ చాలు.

ఒమేగా సెంటారి: లక్షల నక్షత్రాల గోళాకార గుచ్ఛం. కువైట్ లో దక్షిణాన 13 డిగ్రీల ఎత్తు దాటదు, దుమ్ములో కలిసిపోతుంది. రాజంపేటలో 28 డిగ్రీల దాకా వస్తుంది. మే నెలలో సెలవుకు వెళితే రాత్రి పది గంటలకు చూడండి.

ఒక జాగ్రత్త

మొదటి నెలలోనే అద్దం మీద దుమ్మును చేతిరుమాలుతో తుడిచి గీతలు పెట్టుకున్నాను. ఇక్కడి సన్న ఇసుక గరుకు కాగితం లాంటిది. రబ్బరు బుడ్డితో గాలి ఊదండి, తుడవకండి.

జనవరిలో ఒక రాత్రి ఎనిమిదింటికి పిల్లలకోడి మాకు నడినెత్తిన ఉంది. ఊరికి ఫోన్ చేస్తే అక్కడ పదిన్నర. అమ్మ మిద్దె ఎక్కి, "పడమటికి వాలింది నాయనా" అంది. భూమి గుండ్రమని మా వాడికి అప్పుడు బాగా అర్థమయ్యింది. టెలిస్కోప్ లేకుండా నాకు ఆరు చుక్కలు కనిపించాయి, వాడికి ఏడు. అవ్వకు ఎన్ని కనిపించేవో ఎన్నడూ అడగలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఈ చలికాలంలోనే అడగండి.