తండ్రి తొట్టి, కొడుకు మట్టి

ఇంట్లో కొత్తగా చేపల తొట్టి పెట్టుకున్నవాళ్ళలో చాలామందికి మొదటి నెల ఒకేలా గడుస్తుంది. నీళ్ళు అద్దంలా ఉంటాయి. మేత వేస్తే చేపలు ఎగబడి తింటాయి. వారం పది రోజులయ్యాక ఒక్కొక్కటే పైకొచ్చి నోరు తెరుస్తుంది, ఆ తర్వాత వెల్లకిలా తేలుతుంది. అమ్మినవాణ్ణి తిట్టుకుంటాం, చేపల జాతిని తిట్టుకుంటాం. తేటగా కనపడే నీళ్ళని మాత్రం అనుమానించం. ఆ నీళ్ళలో ఏం జరుగుతోందో అర్థమవడానికి శాస్త్రానికి నలభై ఏళ్ళు పట్టింది. ఆ కథలో ముఖ్యమైనవాళ్ళు ఇద్దరు. ఇద్దరి పేరూ రాబర్ట్ వారింగ్టనే. ఒకరు తండ్రి, ఒకరు కొడుకు.

తండ్రి లండన్‌లోని అపోతికరీస్ హాల్‌లో రసాయన శాస్త్రవేత్త. 1849లో పన్నెండు గ్యాలన్లు పట్టే గాజు పాత్రలో ఇసుక, బురద, రాళ్ళు వేసి, నీళ్ళు పోసి, రెండు గోల్డ్‌ఫిష్‌లని వదిలాడు. వాటికి తోడుగా వాలిస్నేరియా అనే నీటిమొక్కని నాటాడు. చేప వదిలిన గాలిని మొక్క వాడుకుంటుంది, మొక్క ఇచ్చే ప్రాణవాయువు చేపకి అందుతుంది. లెక్క బాగానే ఉంది. కానీ మొక్క ఆకులు కుళ్ళి నీళ్ళు మురికయ్యాయి. అప్పుడు అయిదారు నత్తల్ని వేశాడు. అవి కుళ్ళిన ఆకుల్ని తిన్నాయి, నీళ్ళు తేరుకున్నాయి, నత్తల గుడ్లు చేపలకి మేతయ్యాయి. 1850లో ఈ సంగతంతా కెమికల్ సొసైటీకి వివరించాడు. అప్పటికి కొడుక్కి పన్నెండేళ్ళు నిండలేదు.

రోజులు కూడా కలిసొచ్చాయి. ఇంగ్లండ్‌లో గాజు మీద పన్ను 1845లోనే పోయింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అన్న మాట ఇంటింటికీ చేరింది. మధ్యతరగతి ఇళ్ళ ముందుగదుల్లో తొట్లు వెలిశాయి. 1860లు గడిచేసరికి ఆ మోజు చాలావరకు చల్లారింది. తొట్టిని కొన్నంత తేలిక కాదు, అందులో నీటిని నిలబెట్టుకోవడం.

చేప, మొక్క, నత్త కలిస్తే సరిపోతుందన్న లెక్కలో ఒక పద్దు తప్పిపోయింది. చేప ఒంట్లోంచి వచ్చే వ్యర్థంలో ఎక్కువ భాగం అమోనియా. అది మొప్పల గుండానే నీళ్ళలోకి పోతుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమోనియానే పుడుతుంది. దానికి రంగు లేదు, చేపని చంపేంత ఉన్నా నీరు తేటగానే ఉంటుంది. మొక్కలు కొంత పీల్చుకుంటాయి. మిగతాది ఏమవుతుంది?

జవాబు చేపల తొట్టిలోంచి కాదు, మురుగునీటిలోంచి వచ్చింది. 1877లో ఫ్రాన్స్‌లో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోంచి మురుగునీటిని మెల్లగా దించారు. ఇరవై రోజుల దాకా ఏ మార్పూ లేదు. ఆ తర్వాత కింద నైట్రేట్ కనపడసాగింది. క్లోరోఫాం ఆవిరి పంపితే ఆగిపోయింది. తోటమట్టి కలిపిన నీళ్ళు కాస్త పోస్తే మళ్ళీ మొదలైంది. అంటే ఆ పని చేస్తున్నది ప్రాణమున్న జీవి.

ఇక్కడ కొడుకు వారింగ్టన్ వస్తాడు. తండ్రి ప్రయోగశాలలోనే రసాయన శాస్త్రం నేర్చుకున్న ఆయన, అప్పటికి హార్పెండెన్ ఊళ్ళోని రోథమ్‌స్టెడ్‌లో పంటపొలాల మట్టిని పరీక్షిస్తున్నాడు. ఫ్రాన్స్ ఫలితం నిజమేనని తేల్చి, అక్కడితో ఆగక ఏళ్ళ తరబడి వెంటపడ్డాడు. ఇది ఒక మెట్టు పని కాదని, రెండు మెట్లని చూపించాడు. ఒక రకం జీవి అమోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. కానీ వాటిని విడదీసి పెంచడం ఆయన వల్ల కాలేదు. ఆ రోజుల్లో సూక్ష్మజీవుల్ని జెలటిన్ మీద పెంచేవారు. ఇవి దాని మీద పెరగలేదు. 1890లో జ్యూరిక్‌లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వాటికి జెలటిన్ లాంటి మేత మానేసి ఉత్త లవణాలే ఇచ్చాడు. పెరిగాయి. కుళ్ళే పదార్థంతో పనిలేకుండా, అమోనియా నుంచే శక్తిని తీసుకునే జీవులవి.

తండ్రి పాత్రలో అడుగున వేసిన ఇసుక, బురద ఉత్త అలంకారం కాదన్నమాట. తండ్రి తొట్టిలో కనపడని పద్దు కొడుకు మట్టిలో దొరికింది.

పరీక్షలూ ఆ కాలంలోనే పుట్టాయి. అమోనియా ఉంటే పసుపు రంగు చూపే ద్రావణాన్ని 1856లో నెస్లర్ తయారుచేశాడు. నైట్రైట్‌ని గులాబీ రంగుతో పట్టించే పరీక్షని 1879లో పీటర్ గ్రీస్ ఇచ్చాడు. పీహెచ్ కొలతని 1909లో సోరెన్‌సెన్ ప్రతిపాదించాడు. ఈ చివరి ఇద్దరూ బీరు తయారీకి సంబంధించిన ప్రయోగశాలల్లో పనిచేసినవాళ్ళే. ఇప్పుడు అమోనియాకి పాదరసం లేని రసాయనాన్ని ఎక్కువగా వాడుతున్నారు, రంగు పచ్చగా వస్తుంది. నైట్రైట్ గొట్టంలో గులాబీ మాత్రం గ్రీస్ పద్ధతిదే.

ఈ చరిత్ర తెలిస్తే కిట్టులోని సీసాలు అర్థమవుతాయి. కొత్త తొట్టిలో ముందు అమోనియా పెరుగుతుంది, అది తగ్గుతుంటే నైట్రైట్ పెరుగుతుంది, చివరికి నైట్రేట్ మిగులుతుంది. దీనికి సాధారణంగా నెల, నెలన్నర పడుతుంది. మొదటి రెండూ సున్నాకి వచ్చేదాకా చేపల్ని తేకపోవడం మంచిది. పాత తొట్టి ఫిల్టర్‌లోని స్పాంజి ముక్క దొరికితే కొత్తదాంట్లో వేయాలి. ఫ్రెంచి వాళ్ళు తోటమట్టి నీళ్ళతో చేసింది అదే. పీహెచ్ పెరిగేకొద్దీ అమోనియా మరింత విషమవుతుంది కాబట్టి ఆ రెండు అంకెల్నీ కలిపి చదవాలి. నైట్రేట్‌ని తగ్గించడానికి ప్రతివారం కొంత నీటిని మార్చాలి.

కుళాయి నీళ్ళతో ఒక చిక్కుంది. 1905లో టైఫాయిడ్ వ్యాపించినప్పుడు ఇంగ్లండ్‌లోని లింకన్ పట్టణంలో తాగునీటికి క్లోరిన్ కలపడం మొదలుపెట్టారు. మనుషుల్ని కాపాడిన ఆ మందు తొట్టిలో చేపలకీ, ఈ బ్యాక్టీరియాకీ ముప్పు. అందుకే నీళ్ళలో క్లోరిన్ విరుగుడు వేశాకే తొట్టిలో పోయాలి, స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే జాడించాలి. తళతళలాడేట్టు కుళాయి కింద కడిగితే, నెలన్నర కష్టపడి పెంచుకున్నది తూములో పోతుంది.

భీమవరం వైపు రొయ్యల చెరువులున్న రైతులకి ఇదంతా కొత్త కాదు. సీసాలో చెరువు నీళ్ళు పట్టుకెళ్ళి, పీహెచ్, అమోనియా, నైట్రైట్ రాసిచ్చే కాగితం తెచ్చుకోవడం వాళ్ళకి రోజువారీ వ్యవహారం. అక్కడ అంకె తప్పితే పోయేది ఎకరాల పంట.

కథ ఇంకా ముగియలేదు. రెండు మెట్లూ ఒక్కటే ఎక్కగల బ్యాక్టీరియా ఉందని 2015లో బయటపడింది. అలాంటివి దొరికిన చోట్లలో ఒకటి, చేపల్ని పెంచే నీటిని శుద్ధిచేసే ఫిల్టర్.